ప్లకార్డు పక్కన పెట్టి పద్దు అడగండి

జూన్ 5కి బళ్లు ఇంకా తెరవరు. అయినా పర్యావరణ దినోత్సవం ఆగదు. కాలేజీ పిల్లల్నో, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లనో పోగుచేసి చేతికో ప్లకార్డు ఇస్తారు. మెయిన్ రోడ్డు మీద అర కిలోమీటరు నడక, నాలుగు నినాదాలు, ఒక పెద్దమనిషి వచ్చి మొక్క నాటడం, ఫోటో, మజ్జిగ ప్యాకెట్. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో పడుతుంది. ఆ మొక్క ఏమైందని జూలైలో ఎవరూ అడగరు. విజయనగరం జిల్లా చీపురుపల్లిలో అయినా, పక్కనున్న గరివిడిలో అయినా, రాజాంలో అయినా ఇదే తంతు. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కూడా తోడైంది. ఊడ్చడం తప్పని నేననను. ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతోందో, దానికి పంచాయతీ ఎంత ఖర్చు పెడుతోందో అడిగే చోటు ఊడ్చినవాళ్లకు ఉందా? ఈ అధ్యాయం ఆ చోటు గురించే.

రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. పిల్లలు, యువత సమాజం పనుల్లో పాలుపంచుకోవడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపించాడు. కింది మూడు మెట్లను ఆయన పాలుపంచుకోవడం కింద జమ కట్టనే లేదు. పెద్దలు తమ మాట పిల్లల నోట పలికించడం మొదటిది. పిల్లల్ని అలంకారంగా నిలబెట్టడం రెండోది. పేరుకి వేదిక ఎక్కించి, చెప్పింది వినకుండా దించేయడం మూడోది. మన ర్యాలీలన్నీ ఈ మూడు మెట్ల మీదే తిరుగుతున్నాయి. అసలు విషయం చెప్పి, అభిప్రాయం అడిగి, ఆ అభిప్రాయం వల్ల ఏం మారిందో మళ్లీ వచ్చి చెప్పే దశ ఐదో మెట్టు దగ్గర మొదలవుతుంది. మీరు ఇంతవరకు వెళ్లిన కార్యక్రమాల్లో మారిన సంగతి మీకు తిరిగొచ్చి చెప్పినవి ఎన్నో ఒకసారి లెక్కవేసుకోండి.

వాతావరణ మార్పు మీద విధానం అనగానే మనకు ఢిల్లీ, గ్లాస్గో గుర్తొస్తాయి. 2008లో దేశానికి ఎనిమిది మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామన్నారు. మంచిదే. ఇప్పుడు చీపురుపల్లి జూనియర్ కాలేజీలో చదివే పిల్లకి 2070 నాటికి అరవై దాటుతాయి. ఆ మాట నిలబడిందో లేదో చూసేది ఆవిడే, మాట ఇచ్చినవాళ్లు కాదు. కాబట్టి ఆ పిల్లకి ఇందులో వాటా ఉందని వాదించనక్కర్లేదు. ఆ వాటా ఏ కాగితంలో ఉందో వెతకాలి.

మీ వయసు ఇరవై అనుకుందాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మీరు ప్రాథమిక పాఠశాలలో ఉండి ఉంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర ఒడ్డెక్కి విజయనగరం జిల్లానంతా ముంచింది. మధ్యలో 2015 వేసవి వడగాడ్పులకు రాష్ట్రంలో అధికారిక లెక్కల ప్రకారమే 1,300 మందికి పైగా చనిపోయారు. ప్రతి తుపానునూ వాతావరణ మార్పు ఖాతాలో రాసెయ్యడం సరికాదు. తుపానులు మన తాతల నాడూ వచ్చాయి. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. అందుకే కురిసినప్పుడు కుండపోత, కురవనప్పుడు నెల్లాళ్లు ఎండ. వరి ఆకుమడి వేసిన రైతుకి ఈ రెండూ నష్టమే.

ఇంత పెద్ద విషయానికి మందు ఊరి చెరువులో దొరుకుతుందా అని మీరు అడగొచ్చు. ఉద్గారాలు తగ్గించే మందు అక్కడ లేదు. దెబ్బ కాచుకునే మందు మాత్రం చాలావరకు అక్కడే ఉంది. నీడ, నీళ్లు, మురుగు, విత్తనం, ఇంటి కప్పు, కరెంటు తీగ, వీటన్నిటి మీదా నిర్ణయాలు పంచాయతీ, మండలం, జిల్లా స్థాయిలోనే జరుగుతాయి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో చిన్న నీటిపారుదల, సామాజిక అడవులు, తాగునీరు, సంప్రదాయేతర ఇంధనం ఉన్నాయి. డబ్బు సంగతి చూస్తే, 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని రెండు పనులకే కట్టేసింది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి. మీ ఊరి పద్దులో ఆ మొత్తం ఏ పని పేరుతో ఖర్చయిందో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు. లాగిన్ కూడా అక్కర్లేదు. రీల్స్ చూసే ఫోనులోనే అదీ తెరుచుకుంటుంది.

నూట ఎనభై గంటలు మీ చేతిలోనే ఉన్నాయి

మన రాష్ట్రంలో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. ఉన్నత విద్యామండలి పెట్టిన లెక్క 180 గంటలు. ఒక ఊరికి వెళ్లి, సమస్య చూసి, సర్వే చేసి, నివేదిక రాయాలి. దీనికి మార్కులున్నాయి, క్రెడిట్లున్నాయి. ఇది ఎలా జరుగుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సీనియర్ రిపోర్టు తీసుకుని ఊరు పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తున్నారు. జిరాక్స్ షాపులకి అది సీజను. నా దృష్టిలో ఉత్తరాంధ్ర యువత చేతిలో ఉన్న వాతావరణ ఆయుధాల్లో ఇంతకంటే పదునైనది లేదు, ఇంతగా తుప్పు పట్టిందీ లేదు.

అసలు పని చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. చీపురుపల్లి మండలంలో ఒక ఊరు, డిగ్రీ రెండో ఏడు చదివే ఒకమ్మాయి. ఊహే అనుకోండి. ఆ అమ్మాయి వేసవిలో ఒకే ఒక్క చెరువు ఎంచుకుంది. ఊళ్లో సమస్యలన్నీ రాసుకుని పోలేదు. 'గ్రామీణ ప్రజల జీవన స్థితిగతులు' అని శీర్షిక పెట్టలేదు. ఒక చెరువు, దాని గట్టు, దాని మదుం, దానిలోకి నీళ్లు తెచ్చే గెడ్డ. ఇంతే.

మొదట కొలత. గూగుల్ మ్యాప్‌లో చెరువు గీత వెంట చుక్కలు పెడితే విస్తీర్ణం వస్తుంది. రెవెన్యూ రికార్డులో ఉన్న విస్తీర్ణం గ్రామ సర్వేయరు చెబుతాడు. రెండింటికీ తేడా ఉంటే అది మొదటి పేజీ. తర్వాత పూడిక. ఎండిన చెరువులో నాలుగైదు చోట్ల గునపం దింపి, మెత్తటి ఒండ్రు ఎంత లోతు ఉందో చూడాలి. ఉపాధి పనిలో మట్టి తీసిన ఆడవాళ్లని అడిగితే, గునపం దింపకుండానే ఎక్కడ ఎంత లోతో చెబుతారు. తర్వాత లెక్క. ఒక ఎకరం చెరువులో ఒక అడుగు పూడిక తీస్తే సుమారు 12 లక్షల 33 వేల లీటర్ల నీళ్లకు చోటు దొరుకుతుంది. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ లెక్కన అది వంద మందికి ఏడు నెలల పైచిలుకు వాడకం. ఎండకి ఆవిరయ్యేది, భూమిలోకి ఇంకేది తీసేస్తే తగ్గుతుంది. ఇంకింది బావుల్లో తేలుతుంది కాబట్టి అదీ వృథా కాదు. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లాడు వేయగలడు. కానీ గ్రామసభలో ఈ లెక్క చెప్పినవాళ్లు మీకెంతమంది కనబడ్డారు?

ఆపైన చెరువు కింద ఎవరెవరి భూములున్నాయో, చివరి మడికి నీళ్లు ఏ నెలదాకా అందుతున్నాయో ఇల్లిల్లూ తిరిగి అడగాలి. ఇక్కడ జాగ్రత్త. మొదటి మడి రైతు గట్టిగా మాట్లాడతాడు, ఆయన ఇంట్లో కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. చివరి మడి వాళ్లు కూలికి పోయి ఉంటారు, సాయంత్రం ఏడు తర్వాత గానీ దొరకరు. ఏడు తర్వాత వెళ్లకపోతే మీ సర్వేలో సగం ఊరే ఉంటుంది. కాలనీ దాకా వెళ్లని సర్వేని బైండింగ్ చేయించినా ఒకటే, చేయించకపోయినా ఒకటే.

గట్టు మీద టేపు పట్టుకు తిరుగుతుంటే ఊళ్లో పెద్దాయన ఎవరో ఆపుతారు.

"ఏటమ్మా, సదువుకోడానికెళ్లి సెరువు కొల్తన్నావేటి?"

"మార్కులున్నాయి పెదనాన్నా. ఊరి సెరువు మీద రాయమన్నారు కాలేజీలో."

"రాసి ఏటి సేస్తారు?"

"గ్రామసభలో ఇత్తాను. పూడిక తీయించమని."

"ఆ... ఇత్తావు ఇత్తావు. మీ నాన్నకి తెలుసా?"

ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే చాలామంది ఆడపిల్లలు ఆగిపోతారు. కాలేజీ ముద్ర ఉన్న ఉత్తరం ఒకటి చేతిలో ఉంటే కొంత దారి దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, అందులో ఒకరు ఆ ఊరి పిల్లో పిల్లాడో అయ్యేలా చూసుకోండి. పెదనాన్నని శత్రువు అనుకోవద్దు. నలభై ఏళ్ల కిందట ఆ చెరువు అలుగు పారిన సంవత్సరాలు ఆయనకి గుర్తున్నాయి. అవి ఏ పోర్టల్లోనూ లేవు. అడిగి రాసుకుంటే మీ నివేదికకి బలం, ఆయనకి అందులో పాలు. సభలో మొదటి చప్పట్లు ఆయనవే అయినా ఆశ్చర్యపోను.

మొత్తం సరుకు చివరికి ఒకే పేజీ కావాలి. చెరువు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పూడిక లోతు, పెరిగే నిల్వ, లాభపడే ఇళ్లు, ఏ పద్దు కింద చేయొచ్చో. అంతకు మించి ఒక్క వాక్యం వద్దు. నలభై పేజీల రిపోర్టు ప్రిన్సిపాల్‌కి, ఒక పేజీ పంచాయతీ కార్యదర్శికి.

తేదీ తప్పితే ఏడాది పోతుంది

పంచాయతీ ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2 నుంచి ఊపందుకుంటుంది. వచ్చే ఆర్థిక సంవత్సరం పనుల జాబితా చలికాలంలోనే ఖరారవుతుంది. మీరు ఏప్రిల్‌లో చెరువు ఎండిందని గోల పెడితే, "జాబితాలో లేదమ్మా" అంటారు. అబద్ధం చెప్పరు, నిజంగానే ఉండదు. అందుకే వేసవిలో సర్వే, వానల్లో లెక్క, అక్టోబరులో సభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు ఉపాధి పనుల మీద గ్రామసభలు పెట్టారు. అంత పెద్ద ఎత్తున జరిగిన ఆ రోజు చేతిలో కాగితం ఉన్నవాళ్ల పని జాబితాకెక్కే వీలుండింది. చేతులూపుకుంటూ వెళ్లినవాళ్లు తీర్మానం చదివితే విని వచ్చుంటారు.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్తది చేసింది. పేరు మారింది, వంద రోజులు నూట ఇరవై ఐదయ్యాయి, కేంద్ర రాష్ట్రాల వాటాలు మారాయి. ఆ మార్పు మీద వాదోపవాదాలు చాలా ఉన్నాయి, అవి ఇక్కడికి తేను. మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. కొత్త చట్టం పనుల కోవల్లో నీటి భద్రత ఒకటి, తీవ్ర వాతావరణాన్ని తట్టుకునే పనులు ఇంకొకటి. మీ పేజీ మీద ఆ కోవ పేరు రాయండి. పని ఏ గడిలో పడుతుందో మీరే చూపిస్తే ఇంజినీరింగ్ అసిస్టెంటుకి కాదనడానికి సాకు ఒకటి తగ్గుతుంది.

ఓటరు జాబితాలో పేరున్నవాళ్లే గ్రామసభ సభ్యులు. పద్దెనిమిది నిండకపోతే వెళ్లి కూర్చోవచ్చు, సర్పంచి ఒప్పుకుంటే మాట్లాడొచ్చు, చెయ్యెత్తే లెక్కలోకి రారు. నిండబోతుంటే ఆగవద్దు: 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు పెట్టారు, పదిహేడు నిండినవాళ్లు ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు. ఇరవై ఒకటి నిండితే వార్డు సభ్యుడిగా, సర్పంచిగా నిలబడొచ్చు. ఆ మాట మన యూత్‌లో సగం మందికి తెలియదు. పోస్టర్లు అంటించడం మటుకు అందరికీ తెలుసు.

సభలో ఇచ్చిన కాగితానికి రసీదు అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. రెండు నెలల తర్వాత ఏమైందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ప్రశ్న ఇలా ఉండాలి: "గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫలానా చెరువులో మంజూరైన పూడికతీత పనుల పేర్లు, అంచనా విలువ, చేసిన ఖర్చు, ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకళ్లు ఇప్పించగలరు." ఎందుకు చేయలేదు, ఎవరు బాధ్యులు అని రాయకండి, రికార్డులో ఉన్నదే ఇస్తారు, కారణాలు రికార్డులో ఉండవు. ముప్పై రోజులు చూడండి, రాకపోతే మరో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు. ఇందులో కోపం అక్కర్లేదు, క్యాలెండరు ఉంటే చాలు.

ఈ పని ఇష్టమైనవాళ్లకి ఒక దారి ఎప్పటినుంచో ఉంది. ఉపాధి పనుల సామాజిక తనిఖీ మన ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలై దేశానికే నమూనా అయింది. కూలీ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, కూలీల హాజరు మస్టరు చదివించి, ప్రజావేదికలో అందరి ముందూ చెప్పించారు. కొలత టేపు, మస్టరు కాపీ పట్టుకున్న పాతికేళ్ల పిల్లల ముందు అధికారులు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. వాతావరణానికీ ఈ తనిఖీకీ ఏమిటి సంబంధం అంటారా? నాటామన్న మొక్కలు, తవ్వామన్న ఇంకుడు గుంతలు, తీశామన్న పూడిక, ఇవన్నీ ఆ ఎం-బుక్‌లోనే ఉంటాయి.

చీపురుపల్లి చుట్టుపక్కల వాళ్లకి ఇంకో పద్దు ఉంది, దాని సంగతి చాలా ఊళ్లకి చేరనే లేదు. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల మొదట్లో మొదలైంది ఈ విజయనగరం నేల మీదే. కోడూరు గనుల దగ్గర దొరికిన రాతికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ కోడురైట్ అని పేరు పెట్టాడు. శాస్త్ర గ్రంథాల్లో మన ఊరి పేరు అలా నిలిచింది. కోడూరు, గర్భాం గనుల పేర్లు రాళ్లకి తెలుసు, ఆ రాళ్ల మీద వచ్చే సొమ్ము ఎటు పోతుందో మనుషులకి తెలియాలి. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. అంతకు ముందరి లీజులైతే రాయల్టీలో 30 శాతానికి సమానంగా, తర్వాత వేలంలో పాడినవైతే 10 శాతం, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం ఈ నిధికి కట్టాలి. అందులో ఎక్కువ భాగం తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం, చదువు లాంటి వాటికే ఖర్చు చేయాలి. జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో నడిచే నిధి ఇది. పాత గోతుల చుట్టూ కంచె, ధూళి పడే బడి చుట్టూ చెట్ల వరస, గనుల పక్క ఊరికి శుద్ధి చేసిన నీళ్లు, ఇవన్నీ అడగదగ్గ పనులు. నీళ్ల మాట ఎందుకంటే, 2024 అక్టోబరులో మన పక్కనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. కలుషిత నీరే కారణమన్నారు. వరదైనా, కరువైనా మొదట చెడేది తాగే నీరే.

ఊరికి కొత్త గనో ఫ్యాక్టరీయో వస్తుంటే చాలా ప్రాజెక్టులకి ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. పర్యావరణ ప్రభావ అంచనాపై 2006 నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి, కలెక్టరో, అదనపు జిల్లా మెజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి, జరిగిందంతా వీడియో తీయాలి. మాట్లాడేవాళ్ల వయసు ఇంత ఉండాలని అందులో ఎక్కడా లేదు. పదహారేళ్ల పిల్ల మాట కూడా నమోదు కావాల్సిందే. రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. సభలో అరుపుల మధ్య మీ మాట పోతుందనుకుంటే అదే మేలు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట మీరు మర్చిపోకూడదు. అక్కడి బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు పోరాడారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. బీల చిత్తడి నేల అని, సాగుకీ చేపలకీ ఆధారమని ప్రాజెక్టు కాగితాలు దాచినదాన్ని ఊరివాళ్లు కాగితాల మీదే రుజువు చేసుకున్నారు. ఆ రుజువు ముందే, సభ దగ్గరే విని ఉంటే ఆ రోజు రావలసిన అవసరమే లేదు. మీ కాగితం సరిగ్గా, సకాలంలో ఉండాలని నేను ఇంతగా ఎందుకు పోరుతున్నానో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇలాంటి పని పెద్ద వేదికల దాకా వెళ్తుందా? వెళ్లింది. 2019లో పసిఫిక్ ద్వీపదేశం వనువాటులో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ పసిఫిక్ న్యాయ విద్యార్థులు 27 మంది తరగతి గదిలో ఒక ఆలోచన చేశారు. వాతావరణం విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగిద్దామని. నాయకులకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం అందుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానించింది. 2025 జూలై 23న న్యాయస్థానం ఏకగ్రీవంగా సలహా అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యత అని. వాళ్లు మొదలుపెట్టిందీ క్లాసు ప్రాజెక్టుతోనే. మన పక్క రాష్ట్రం ఒడిశా సుందర్‌గఢ్ నుంచి ఖడియా ఆదివాసీ యువతి అర్చనా సోరెంగ్ 2020లో ఐరాస ప్రధాన కార్యదర్శి యువ సలహా బృందంలోని ఏడుగురిలో ఒకరయ్యారు. తన వాళ్లకి అడవి గురించి ఉన్న తెలివిడినే ఆమె అక్కడికి పట్టుకెళ్లింది. మన దేశంలోనూ 2024 మార్చి 21న సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణాల్లో ఉందని చెప్పింది. మీ అర్జీ మొదటి పేరాలో ఆ తేదీ రాయడానికి ఖర్చేమీ లేదు.

ఇక ఇంట్లో చేయగలిగినవి. అవి మీకు తెలిసినవే, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. డాబా మీద సౌర పలకలకి పీఎం సూర్యఘర్ కింద కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేల రూపాయల రాయితీ ఉంది; మీ వీధిలో అర్హులైన నలుగురికి దరఖాస్తు పెట్టించి చూడండి. పొలముంటే, నైరుతికి ముందే నవధాన్యాలు చల్లి నేలని పచ్చగా కప్పి ఉంచే పద్ధతిని మీ మెట్టలో అరెకరంలో ప్రయత్నించండి. ప్రకృతి వ్యవసాయంలో మన రాష్ట్ర కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది, దాన్ని నడిపే మహిళా సంఘాల అక్కలు మీ ఊళ్లోనే ఉండొచ్చు. చోడి, గంటె వేసిన తాతలు వెర్రివాళ్లు కారు.

కష్టమైన ప్రశ్న ఒకటుంది, దాటవేయను. మన చుట్టూ ఫెర్రో పరిశ్రమలు, గనులు, ఇటుక బట్టీలు. మీ నాన్నో మావయ్యో వాటిలోనే పని చేస్తుండొచ్చు. ఫెర్రో మిశ్రమాల కొలిమి కరెంటు తింటుంది, కరెంటు ఇంకా ఎక్కువగా బొగ్గుదే. అది మూతపడాలా అని మిమ్మల్ని ఇంట్లో అడిగితే ఏం చెబుతారు? "మూసేయాలి" అన్నవాడికి ఊళ్లో రెండో వాక్యం మాట్లాడే అవకాశం రాదు. రావడం న్యాయం కూడా కాదు. కరెంటు ఎక్కడిది, ధూళి ఎంత, కార్మికుడి ఊపిరితిత్తులకి పరీక్ష ఎప్పుడు జరిగింది, సౌర విద్యుత్తు వాటా పెంచే వీలుందా, ఇలా అడిగితే కార్మిక సంఘం కూడా మీ పక్కకి వస్తుంది. వేడి గురించి అడిగినా అంతే. రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండు గంటలకి ఎన్ని డిగ్రీలుందో మూడు నాలుగు వందల రూపాయల థర్మామీటరు చెబుతుంది. మైదాన ప్రాంతంలో 40, తీరంలో 37 డిగ్రీలు దాటి మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాడ్పు అంటుంది. ఆ కొలత నీడలో పెట్టిన పరికరానిది. షెడ్డులో కొలత ఎవరూ తీయరు. మీరు తీస్తే అదే కొత్త సమాచారం. అంగన్‌వాడీ కప్పు కింద కూడా తీయండి.

చివరగా, అన్నిటికంటే ఎక్కువ ప్రాజెక్టులు చచ్చిపోయే చోటు గురించి. డిగ్రీ అయిపోతుంది. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉద్యోగం, లేదా విశాఖలో కోచింగ్. చెరువు కొలిచిన పిల్ల ఊరొదిలి వెళ్తుంది. వెళ్లకుండా ఎలా ఉంటుంది, ఇది వలసల నేల. వెళ్లేముందు ఆ ఫైలు మూడు కాపీలు తీయించండి. ఒకటి సచివాలయంలో, రసీదుతో. ఒకటి హైస్కూల్లో సైన్స్ మాస్టారి బీరువాలో. మూడోది మీ కింది ఏడాది చదివే ఇద్దరి చేతిలో, ఇద్దరూ ఆ ఊరివాళ్లే అయితే మంచిది. ఫైల్లో మొదటి పేజీ మీద మూడు సంగతులు పెద్ద అక్షరాల్లో ఉండాలి: కిందటి అర్జీ తేదీ, వచ్చిన జవాబు, వచ్చే గ్రామసభ తేదీ. నీటి సంఘం అధ్యక్షుడి ఫోను నంబరు కూడా పెట్టండి. ఆయన ఒక్కోసారి ఎత్తడు. సాయంత్రం ఆరు తర్వాత చేస్తే ఎత్తుతాడు.